గస్తీ రైఫిళ్ళకు సైట్లు ఎంచిన చలికాలం

నేను పదవీ విరమణ చేయడానికి కొన్నేళ్ళ ముందు, ఒక నవంబరు మొదటి వారంలో, మా లెఫ్టినెంట్ కార్ల్ నన్ను పిలిచి గస్తీ రైఫిళ్ళకు కొత్త ఐరన్ సైట్లు, అంటే గురి చూసుకునే లోహపు అమరికలు, ఎంచే పని అప్పజెప్పాడు. మిషిగన్‌లో నోవైకి కాస్త ఉత్తరాన ఉన్న ఒక చిన్న పోలీసు శాఖలో నేను అప్పుడు ఆర్మరర్‌ని. ఆర్మరర్ అంటే ఆయుధాల మరమ్మతు, తనిఖీ చూసే సాంకేతిక ఉద్యోగి. అంతకుముందు కార్ల విడిభాగాల ప్లాంటులో ఇంజనీరుగా ఉండేవాణ్ణి. అది మూతపడ్డాక ఇటు వచ్చాను. నాకు యూనిఫాం లేదు, ర్యాంకు లేదు. పని అయ్యాక సిఫారసు రాసి పైకి పంపడం వరకే నా అధికారం.

మా రైఫిళ్ళ మీద బ్యాటరీతో నడిచే ఎర్రచుక్క సైట్లు ఉండేవి. అద్దంలో చుక్క కనబడుతుంది, దాన్ని లక్ష్యం మీద ఉంచితే చాలు. అయితే మంచులో చల్లబడ్డ రైఫిల్‌తో ఒక్కసారిగా వెచ్చటి ఇంట్లోకి అడుగుపెడితే ఆ అద్దం మీద ఆవిరి పట్టేస్తుంది. అలాంటప్పుడు ఆదుకోవడానికి ఐరన్ సైట్లు కావాలి. వాటిలో రెండే భాగాలుంటాయి: కంటికి దగ్గరగా ఒక రంధ్రం, బారెల్ చివర నిలువుగా ఒక సన్నని పోస్టు. రంధ్రంలోంచి పోస్టును, పోస్టు మీదుగా లక్ష్యాన్ని చూడాలి. రైఫిల్‌తో వచ్చినవి పాతబడ్డాయి గనుక, బయట విడిగా దొరికేవాటిలోంచి ఎంచమన్నారు. ముఖ్యంగా దగ్గరి దూరాలకు, అంటే ఒక ఇంటి వాకిలి, ఒక పార్కింగ్ స్థలం, అంతలో సరిపోయేవి.

పరీక్షలకు లెఫ్టినెంట్ నాతో జతచేసింది సార్జెంట్ సునీతని. శాఖలో తుపాకీ శిక్షణ ఆమె బాధ్యత. ఆమె అమ్మానాన్నలది గుంటూరు వైపు, ఆమె మాత్రం పుట్టి పెరిగింది డిట్రాయిట్ దగ్గరే. మొత్తం శాఖలో తెలుగు వచ్చినవాళ్ళం మేమిద్దరమే. గురువారాలు మా షూటింగ్ రేంజ్ రోజులు. మేమిద్దరం అందరికన్నా ముందు వెళ్ళి టార్గెట్లు నిలబెట్టేవాళ్ళం. పడ్డ గుళ్ళను ఆమె తెలుగులోనే గట్టిగా లెక్కపెట్టేది. “పదకొండు” దగ్గర ప్రతిసారీ నాలుక మడతపడేది, నావైపు చూసి నవ్వేది. నా భార్య పోయి అప్పటికి చాలా కాలమైంది. సునీతకు విడాకులై చాలా కాలమైంది. గురువారం కోసం నేను సోమవారం నుంచే ఎదురుచూసేవాణ్ణి. ఎందుకని నన్నెవరూ అడగలేదు. నేనూ ఎవరికీ చెప్పలేదు.

శాఖలో ఆమె అంత గురి ఎవరికీ లేదు. కానీ నలభై దాటాక అందరికీ వచ్చే చత్వారం ఆమెకూ వచ్చింది. బారెల్ చివరి పోస్టు ఆమెకు మసకగా కనబడుతోంది. ఎర్రచుక్కతో ఇబ్బంది లేదు. ఐరన్ సైట్లతోనే కష్టం. వసంతంలో జరిగే అర్హత పరీక్షలో ప్రతి అధికారీ ఐరన్ సైట్లతో కూడా కాల్చాలి, అందులో యాభై గజాల దశ ఒకటి ఉంటుంది. రెండుసార్లు తప్పితే రైఫిల్ వెనక్కి ఇవ్వాలి, గస్తీ వదలాలి. ఇదంతా మా ఇద్దరికీ తెలుసు.

నేను మూడు రకాలు తెప్పించాను. మొదటిదానికి చిన్న రంధ్రం. సూదిబెజ్జంలోంచి చూస్తే దగ్గరి అక్షరాలు తేటగా కనబడినట్టే, దానిలోంచి చూస్తే చత్వారపు కంటికి కూడా పోస్టు స్పష్టమవుతుంది. రెండోదానికి పెద్ద రింగు. కంటికి దగ్గరగా రింగు దాదాపు మాయమైపోయి, పోస్టూ దాని వెనక లోకమూ మిగులుతాయి. మూడోదానిలో రెండూ ఉంటాయి, వేలితో తిప్పి మార్చుకోవచ్చు. నా ఆశ మూడోదాని మీద ఉండేది.

చిన్న శాఖ కాబట్టి గస్తీ అధికారులందరి చేతా కాల్పించాం. రైఫిల్ కిందికి దించి నిలబడాలి, టైమర్ కూత వినబడగానే ఎత్తి, ఏడు గజాల్లో ఉన్న పేపర్ ప్లేటు మీద రెండు గుళ్ళు కొట్టాలి. సైట్లు బారెల్‌కి రెండున్నర అంగుళాల పైన ఉంటాయి గనుక, అంత దగ్గరలో గుండు చూసినచోటికన్నా దాదాపు అంతే కిందికి పడుతుంది. దూరానికి సరిచేసిన రైఫిల్‌తో దగ్గర కాల్చేవాడు ఆ తేడాను గుర్తుంచుకుని పైకి గురిపెట్టాలి. దాన్ని ఎవరూ పుస్తకంలో చదివి నేర్చుకోరు. ప్లేటు కింది అంచు చిరిగాకే నేర్చుకుంటారు.

మూడో రకం మొదటి వారంలోనే పోయింది. చలికి అందరూ లావు గ్లవ్స్ వేసుకుంటారు. కారులోంచి రైఫిల్ లాగేటప్పుడు గ్లవ్ తగిలి రంధ్రం తిరిగిపోయేది. పెద్దది ఉందనుకుని ఎత్తితే కంటి ముందు చిన్నది ఉండేది. సునీత రైఫిల్‌కే అలా రెండుసార్లు జరిగింది.

“ఇది వద్దు మూర్తి గారు,” అంది. “ఎమర్జెన్సీలో సర్‌ప్రైజ్ ఇచ్చేది నాకు అక్కర్లేదు.”

“కొంచెం గట్టి స్ప్రింగ్ వేసి చూస్తాను,” అన్నాను.

“అందరి రైఫిల్స్‌కీ వేస్తావా మీరు?”

మూడో రకాన్ని తిరిగి పెట్టెలో పెట్టేశాను. ఆమె తెలుగులో ‘మీరు’, ‘వేస్తావా’ ఎప్పుడూ పక్కపక్కనే ఉండేవి. సరిదిద్దాలని నాకెప్పుడూ అనిపించలేదు.

మిగిలిన రెండింటికీ డిసెంబరులో, వెలుగు తగ్గే వేళ ఒక పరీక్ష పెట్టాను. నిలువెత్తు అట్ట మనుషుల చేతుల్లో ఒకరికి పిస్టల్ బొమ్మ, ఒకరికి ఫోన్ బొమ్మ, ఒకరికి పర్సు బొమ్మ అంటించి ఉంటాయి. అధికారి అటు తిరిగి నిలబడతాడు, నేను ఒక అట్టను నిలబెడతాను, కూత వినబడగానే ఇటు తిరిగి కాల్చాలా వద్దా నిర్ణయించుకోవాలి. సునీత ముందు చిన్న రంధ్రంతో చేసింది. ఇటు తిరిగింది, రైఫిల్ ఎత్తింది, రెండు గుళ్ళు కొట్టింది. రెండూ గుండె దగ్గర ఒకదాన్నొకటి తాకుతూ పడ్డాయి. ఆ చలికాలం అంత చక్కటి కాల్పు ఇంకెవరూ చూపలేదు.

అట్టమనిషి చేతిలో ఉన్నది ఫోన్.

ఆమె రైఫిల్ ఖాళీ చేసి, నాకు చూపించి, బల్ల మీద పెట్టింది. అట్ట దగ్గరకు నడిచి వెళ్ళి ఆ చేతిని దగ్గరగా చూసింది. తర్వాత అడగకుండానే పెద్ద రింగు రైఫిల్ తీసుకుని మళ్ళీ అటు తిరిగి నిలబడింది. నేను అదే వరసలో కాకుండా అట్టలు మార్చి పెట్టాను. ఈసారి ఫోన్ ఉన్నవాణ్ణి వదిలేసింది, పిస్టల్ ఉన్నవాణ్ణి కొట్టింది. గుళ్ళు చెదిరాయి, అయినా ప్లేటంత మేరలోనే ఉన్నాయి.

“చిన్న హోల్‌లో పోస్ట్ బ్యూటిఫుల్‌గా ఉంది,” అంది. “పోస్టే చూశాను. చెయ్యి చూడలేదు. చుట్టూ డార్క్‌గా అయిపోయింది.”

“యాభై గజాల్లో నీకు అదే పనికొస్తుంది.”

“తెలుసు. మీరు ఏం హోప్ చేస్తున్నావో కూడా తెలుసు.” గ్లవ్స్ తీసి చేతులు రుద్దుకుంది. “నా కోసం రాయకండి, మూర్తి గారు. ఇక్కడ డ్యూటీ చేసే కిడ్స్ అందరూ ఇదే పట్టుకుని ఎవరి డోర్ ముందో నిలబడాలి. మీరు, నేను వాళ్ళ వెనక ఉండం.”

పోస్టు తేటగా కనబడేలా కళ్ళద్దాలు చేయించుకోవచ్చు కదా అన్నాను. ముందే చేయించుకుని చూశానంది. పోస్టు బాగుంటుంది, దాని వెనక మనిషి మసకైపోతాడు, మళ్ళీ అదే కథ అంది. ఆ తర్వాత ఇద్దరం టార్గెట్లు విప్పి ట్రక్కులో పెట్టాం. ఆ రోజు గుళ్ళను ఆమె తెలుగులో లెక్కపెట్టలేదు.

నేను పెద్ద రింగు, మధ్యరకం మందం పోస్టు సిఫారసు చేస్తూ రాశాను. సన్నని పోస్టు దూరానికి మంచిది, దగ్గర త్వరగా దొరకదు. మరీ లావుదైతే సగం లక్ష్యాన్ని మింగేస్తుంది. మడతపడేవి కాకుండా, ఎప్పుడూ నిలిచి ఉండే రకం అడిగాను. కాగితంతోపాటు లెఫ్టినెంట్‌ని స్వయంగా కలిసి, ఐరన్ సైట్లు దగ్గరి దూరానికే అనుకున్నప్పుడు యాభై గజాల దశను ఎర్రచుక్కతో మాత్రమే పెట్టకూడదా అని అడిగాను. ఆయన నా మాట పూర్తిగా విన్నాడు. ఆ ప్రమాణం తన చేతిలో లేదన్నాడు. నేను ఎవరి గురించి అడుగుతున్నానో ఆయనకు అర్థమైంది. నామీది గౌరవం కొద్దీ పేరెత్తలేదు.

వసంతం పరీక్షలో దగ్గరి దశలన్నింటిలో సునీతే మొదటి స్థానం. యాభై గజాల్లో తప్పింది. కొన్నాళ్ళకు మళ్ళీ చేసింది, మళ్ళీ తప్పింది. శాఖ ఆఫీసులో కుర్చీ ఇవ్వజూపింది. ఆమె వద్దని, పశ్చిమాన ఇంకో రాష్ట్రంలో పోలీసు అకాడమీలో శిక్షకురాలిగా చేరింది.

వెళ్ళేముందు రైఫిల్ అప్పగించడానికి నా వర్క్‌బెంచీ దగ్గరకు వచ్చింది. నిబంధన ప్రకారం నేను నంబరు చూసి, గుండు ఉండే ఛాంబర్ ఖాళీగా ఉందని సరిచూసి, సంతకం తీసుకున్నాను.

“అక్కడ గురువారాలు రేంజ్ ఉంటుందా?” అని అడిగాను.

“ఎవ్రీ డే ఉంటుంది,” అంది. పెన్ను బల్ల మీద పెట్టి, “కానీ అక్కడ ఎవరితో కౌంట్ చేస్తాను?” అంది.

చెప్పవలసిన మాట ఒకటి నా దగ్గర ఉంది. వెనక ఇద్దరు గస్తీ అధికారులు తమ వంతు కోసం నిలబడి ఉన్నారు. జాగ్రత్తగా డ్రైవ్ చేయమన్నాను.

మా రైఫిళ్ళ వెనక భుజానికి ఆన్చే స్టాక్ ముందుకు వెనక్కు జరుగుతుంది. ఎవరి చేతి పొడవును బట్టి వాళ్ళు గాడి ఎంచుకుంటారు. ఆమె రైఫిల్ కొత్తగా చేరిన ఒక పొడుగాటి కుర్రాడికి కేటాయించారు. స్టాక్ ఇంకా ఆమె గాడిలోనే ఉంది, మార్చడం ఒక మీట నొక్కితే అయ్యే పని. వేసవి వచ్చేదాకా నేను ఆ రైఫిల్‌ని ఏదో ఒక తనిఖీ పేరుతో అల్మారాలోనే ఉంచాను. లెఫ్టినెంట్ అడిగిన రోజున మీట నొక్కి ఇచ్చేశాను.

మొదట్లో ఫోన్లు ఉండేవి, తర్వాత పండగలకు మెసేజీలు, తర్వాత అవీ పలచబడ్డాయి. నేను రిటైరయ్యేవరకు గురువారాలు ముందుగానే వెళ్ళి టార్గెట్లు ఒక్కణ్ణే నిలబెట్టాను. మంచు మీద నడుస్తున్నప్పుడు రెండో జత బూట్ల చప్పుడు కోసం నా చెవి వెతికేది. ఆ అలవాటు ఇప్పటికీ పూర్తిగా పోలేదు.

దగ్గరి దూరానికి ఏ సైట్ కొనాలని మా షూటింగ్ క్లబ్బులో కుర్రాళ్ళు ఇప్పటికీ అడుగుతారు. పోస్టు ఎంత తేటగా ఉందో చూసి కొనవద్దని, వెలుగు తగ్గిన వేళ ఎదుటి మనిషి చెయ్యి కనబడుతుందో లేదో చూసి కొనమని చెబుతాను. సిఫారసు రాసేవాడికి సొంత కోరిక ఉండవచ్చు, అది కాగితంలోకి రాకూడదు. ఆ కాగితం సరిగ్గానే రాశాను. సరైన నిర్ణయం తీసుకున్నంత మాత్రాన దానివల్ల వచ్చిన లోటు తగ్గదు. ఆ ఉద్యోగంలో నేను నేర్చుకున్నవాటిలో ఇది ఆలస్యంగా నేర్చుకున్నది.