ముందు ఇల్లు, తర్వాత గ్రౌండు

మొన్న సంత రోజు నారాయణఖేడ్ బస్టాండులో కల్హేర్ బస్సెక్కి కూర్చున్నాను. బస్సు కదలబోతుండగా, బడిలో నాతో చదివిన ఒకామె కిటికీ దగ్గరికి ఉరికొచ్చింది. "ఎరుకైందానే? మన ఆయమ్మ పోయింది. నిన్న పొద్దుగాల, దవాఖానల" అంది. "అయ్యో, ఏమైందే?" అని నేను అడిగేసరికే డ్రైవర్ గేరు వేశాడు. "కిడ్నీలు కరాబైనయంట" అన్న మాట మాత్రం వెనక నుంచి వినపడింది. కల్హేర్ దాకా కిటికీ కడ్డీ పట్టుకొనే కూర్చున్నాను. కండక్టర్ రెండుసార్లు అడిగితే గానీ ఏ ఊరికి పోతున్నానో నోట్లోంచి రాలేదు.

ఆయమ్మ అంటే మా హైస్కూల్లో గంట కొట్టి, గదులు ఊడ్చి, కుండల్లో నీళ్ళు నింపిన మనిషి. ఆమె ఫోటో పేపర్లో పడదు, బడి గోడ మీద ఆమె పేరు ఎక్కదు. ఎక్కకపోతే మానె. నేను రాస్తాను. నా బతుకులో నేను ఆడింది ఒకే ఒక్క ఆట. అది నా చేజారిపోకుండా కాపాడింది ఆమె.

ముందే చెప్పేస్తున్నాను, నేను పుట్టు భయస్థురాలిని. బస్సు వస్తుందో రాదోనని భయం. వస్తే సీటు దొరకదేమోనని, దొరికితే దిగాల్సిన ఊరు దాటిపోతుందేమోనని భయం. నవ్వకండి, ఇప్పటికీ అంతే. ఒక్క ఖోఖో ఆడేటప్పుడు మాత్రం ఈ భయమే నాకు కాళ్ళిచ్చింది. వెనక ఎవరైనా తరుముతున్నారంటే నాకంటే జోరుగా ఉరికే పిల్ల మా తొమ్మిదో తరగతిలో లేదు.

ఇది డెబ్బైల చివరి మాట. ఆ ఏడాది చుట్టుపక్కల బడుల డ్రిల్లు సార్లంతా కలిసి ఒక కొత్త పద్ధతి పెట్టుకున్నారు. ఆరు బడులు, ఆరు ఆడపిల్లల జట్లు. ప్రతి జట్టుతోనూ రెండేసి మ్యాచ్‌లు, ఒకటి మన ఊళ్ళో, ఒకటి వాళ్ళ ఊళ్ళో. మన ఊళ్ళో మమ్మల్ని ఆపేవాళ్ళు లేరు. వచ్చిన జట్టును వచ్చినట్టే ఓడించి బస్సెక్కించాం. బయటికి పోతే మాత్రం మేమేనా అన్నట్టు ఆడేవాళ్ళం. మొదటి ఊళ్ళో పదకొండు పాయింట్లతో ఓడాం, రెండో ఊళ్ళో తొమ్మిదితో. మొదటి ఇన్నింగ్స్ దాకా సమానంగానే ఉంటాం. రెండో ఇన్నింగ్స్ వచ్చేసరికి కళ్ళు తిరుగుతాయి. వెనక నుంచి "ఖో" అని వీపు తట్టినా లేవలేం.

"స్టామినా లేదు మీకు" అని తేల్చాడు మా డ్రిల్లు సారు. పొద్దున గ్రౌండు చుట్టూ పది రౌండ్లు ఉరికించేవాడు, వాటిని పదహారు చేశాడు. గ్లూకోజు పొట్లాలు కొని, బిందెలో కలిపి, మ్యాచ్‌కు ముందు తలా ఒక గ్లాసు పోసేవాడు. కెప్టెన్ వాళ్ళమ్మ మాత్రం ఇది దిష్టేనని ఉప్పు, మిరపకాయలు తిప్పి పొయ్యిలో వేసింది. ఆ ఘాటుకు మా అందరికీ దగ్గొచ్చింది తప్ప ఆటేమీ మారలేదు.

అసలు సంగతి మా పన్నెండు మందికీ తెలుసు. చెప్పడానికే నోరు రాలేదు. మేము పోయిన చోట ఎక్కడా ఆడపిల్లలు ఒంటేలుకు పోవడానికి చాటు లేదు. మా బడిలోనూ లేదు గానీ మా ఇళ్ళు దగ్గర, ఇంటర్వెల్‌లో ఉరికిపోయి ఉరికొచ్చేవాళ్ళం. పరాయి ఊళ్ళో ఎక్కడికి పోతాం? గ్రౌండు చుట్టూ మగపిల్లలు, గోడల మీదా మగపిల్లలే. అందుకని మ్యాచ్ రోజు లేచింది మొదలు చుక్క నీళ్ళు ముట్టేవాళ్ళం కాదు. ఇది మాకు ఎవరూ నేర్పలేదు. పెళ్ళిళ్ళకు పోయేటప్పుడు మా అక్కలు, వదినలు చేసేది చూసి మాకూ వచ్చేసింది. మూడు గంటల బస్సు, ఆ ఎండ, ఆపైన ఆట. ఇప్పుడు తలచుకుంటే నా నాలుక ఎండిపోతుంది. సారు పోసిన గ్లూకోజు నీళ్ళు నోట్లో పెట్టుకున్నట్టు నటించి, గోడ వెనక పారబోసేవాళ్ళం. మగమనిషికి ఈ ముచ్చట ఎట్లా చెప్తాం?

ఆడపిల్లల వెంట ఆడమనిషి ఉండాలని హెడ్మాస్టరు ఆయమ్మను మాతో పంపేవాడు. ఆమె మా చెప్పులు, సద్ది మూటలు ముందు పెట్టుకొని నీడన కూర్చునేది. ఆటలో ఓనమాలు తెలియవు. "గదేం ఆటనే, కూసున్నోళ్ళు లేస్తరు, లేసినోళ్ళు కూసుంటరు" అని మమ్మల్ని ఎక్కిరించేది.

మూడో ఊళ్ళో నేను కోర్టు నడుమనే పడిపోయాను. కళ్ళు తెరిచేసరికి తల ఆయమ్మ ఒళ్ళో ఉంది, ఆమె చెంబు నా నోటి దగ్గర ఉంది. నేను పళ్ళు బిగబట్టాను. ఆమె నా పెదాల వంక చూసి, లేచి, ఆ గోడ వెనక్కి పోయొచ్చింది. ఆ మ్యాచ్ కూడా ఓడాం. తిరుగు బస్సులో నా పక్కన కూర్చుని మెల్లగా అడిగింది.

"పొద్దుగాల నుంచి నీళ్ళు తాగినవా?"

"తాగిన."

"అబద్ధాలు నాకు చెప్పకు. గోడకాడ చీమలు జాతర చేస్తున్నయి. సారు పోసిన చక్కెర నీళ్ళన్నీ గాడ్నే ఉన్నయి. పన్నెండు మందిల ఒక్కరన్న తాగిన్రా?"

ఏడుపు ఆగలేదు నాకు. "సారుకు చెప్పకు ఆయమ్మా, నీ కాళ్ళు మొక్కుత" అన్నాను.

"సారుకేం చెప్తనే, పిచ్చిదానా! నేను గూడ గిట్లనే గద. బడిల చేరిన కాన్నుంచి పొద్దంత బిగవట్టుకొనే ఉంటున్న. పోయినేడు నడుంల నొప్పి లేస్తే దవాఖానకు పోయిన. రాయి పడ్డది, నీళ్ళు మస్తుగ తాగు అన్నరు. తాగి యాడికి పోవాలె?" అని నవ్వింది.

మర్నాడు హెడ్మాస్టరు మమ్మల్నందరినీ గదిలోకి పిలిచాడు. "ఊర్లె గెలిచి ఏం ఫాయిదా? బయటికి పోయి బడి ఇజ్జత్ తీసొస్తున్నరు. ఇంక రెండు మ్యాచులున్నయి. ఒక్కటన్న గెలువకుంటే ఆడపిల్లల టీం బంద్" అన్నాడు. మా డ్రిల్లు సారు తల వంచుకొని నిలబడ్డాడు. నాకు రెండు రోజులు అన్నం సయించలేదు. నాకు భయం లేకుండా ఉండే చోటు ఈ లోకంలో ఒక్కటే ఉండేది. ఏడు నిమిషాలు, రెండు కర్రల నడుమ. అదీ పోతే నేనేం కావాలి?

నాలుగో ఊళ్ళో బస్సు దిగాం. సారు గ్రౌండు వైపు నడవబోతే ఆయమ్మ ఆపింది. "మీరు పోయి గ్రౌండు చూస్కోండ్రి సార్, పోరీలను నేను తోల్కొస్త."

"ఏంది ఆయమ్మా, టైమైతుంది గద!"

"కానియ్యి సార్. ముందు ఇల్లు, తర్వాత గ్రౌండు."

సారుకు ఏమీ అర్థం కాలేదు. మాకూ కాలేదు. ఆమె మమ్మల్ని వరసగా ఒక గల్లీలో నడిపిస్తూ, ఒక్కో ఇంటి దండెం చూసుకుంటూ పోయింది. "ఆడపిల్లల లంగాలు ఆరేసిన ఇల్లు వెతకాలె. గా ఇంట్ల మన బాధ ఎరుకుంటది" అంది. మొదటి ఇంటావిడ "పన్నెండు మందా? మాదేమన్న సత్రమా?" అని తలుపేసుకుంది. రెండో ఇంట్లో ఆయమ్మ లోపలికి పోయి, ఆ ఇంటామెతో గుసగుసగా ఏదో మాట్లాడి బయటికొచ్చింది. "పోండ్రి, ఒక్కొక్కరు" అంది. వెనక పెరట్లో తడకల చాటు ఉంది. అందరం పోయొచ్చాక చెంబుతో నా ముందుకొచ్చింది. తాగాలంటే భయమేసి చెంబు వెనక్కి నెట్టాను. "తాగే, నేనున్న గద. మళ్ళొస్తే మళ్ళ ఈడికే తోల్కొస్త" అంది. ఒక్క గుక్కలో చెంబంతా తాగేశాను.

ఆ రోజు కూడా ఓడాం, కానీ రెండంటే రెండు పాయింట్లతో. రెండో ఇన్నింగ్స్‌లో ఒక్కరం కూడా కూలబడలేదు. మా సారు బస్సులో పొంగిపోయాడు. "చూసినవా ఆయమ్మా, పదహారు రౌండ్లు పనిచేసినయి!" ఆయమ్మ కొంగు అడ్డం పెట్టుకొని "అవు సార్, అన్నీ మీ రౌండ్లే" అంది. మేము ఒకరి భుజం మీద ఒకరం పడి నవ్వాం. ఇంటికొచ్చాక నాకు మళ్ళీ గుబులు మొదలైంది. మిగిలింది ఒక్క మ్యాచే.

ఆ ఆఖరి మ్యాచ్ జహీరాబాద్ వైపు ఒక ఊళ్ళో. ఈసారి ఆయమ్మను నమ్ముకొని ఇంట్లోనే కడుపు నిండా నీళ్ళు తాగి బయలుదేరాం. తీరా బస్సు నడిదారిలో టైరు పంక్చరై ఆగింది. గంటన్నర! నా పరిస్థితి నేను రాయను, మీరే ఊహించుకోండి. దిగేసరికి ఆ బడి సారు గేటు దగ్గరే ఉన్నాడు. "పది నిమిషాల్ల గ్రౌండుల దిగకుంటే మావోళ్ళు గెలిచినట్టు రాస్తం" అన్నాడు. మా సారు పరేషాన్ అయిపోయి "నడువుండ్రి, నడువుండ్రి, జల్దీ" అని తరిమాడు. నేను ఆయమ్మ చెయ్యి పట్టుకున్నాను. "ఎట్లనే ఆయమ్మా? నాతోని కాదు."

ఆమె సారును ఒకటే అడిగింది. "ఇన్నింగ్సు నడుమ ఎంత సేపు ఆపుతరు సార్?"

"ఐదు నిమిషాలు. ఎందుకు?"

"సాలు" అని మా చెప్పులు, మూటలు అక్కడే పడేసి పోయింది.

ఆ మొదటి ఇన్నింగ్స్‌లో అందరికంటే చెత్తగా ఆడింది నేనే. వంగితే భయం, ఉరికితే భయం. నా చూపంతా గేటు మీదే ఉంది. ఆయమ్మ కనపడదు. ఈ ఊళ్ళో ఎవరూ తలుపు తియ్యలేదేమో, ఈ రోజుతోనే టీం కూడా బంద్ అవుతుందేమో అని ఒకటే భయం. రావడం రావడమే దొరికిపోయాను. విజిల్ పడేసరికి మేము నాలుగు పాయింట్లు వెనకబడ్డాం. అప్పుడు కనపడింది, గేటు దగ్గర, చెయ్యి ఊపుతూ. "ఉరుకుండ్రి! మూడిండ్లు మాట్లాడిన. నలుగురు, నలుగురు, నలుగురు!"

ఆ ఏడాది మొత్తం మీద మేము అంత జోరుగా ఉరికింది కోర్టులో కాదు, ఆ గల్లీలో. ఆ ఊరి మగపిల్లలు మేము ఓటమికి జడిసి పారిపోతున్నామనుకొని ఈలలు వేశారు. ఐదు నిమిషాల్లో పన్నెండు మందిమీ తిరిగొచ్చి, నీళ్ళు తాగి, కొంగులు బిగించి నిలబడ్డాం. ఆ తర్వాత ఈలలు లేవు.

చివరి వంతులో వాళ్ళు తరమాలి, మేము తప్పించుకోవాలి. అప్పటికి మేము రెండు పాయింట్లు ముందున్నాం. ఒక పిల్ల దొరికింది. ఇంకొకరు దొరికితే సమానం, ఇద్దరు దొరికితే మా ఆట అంతటితో సరి. కోర్టులో నేనూ, ఇంకో పిల్లా మిగిలాం. నన్నే తరిమారు. ఎన్ని మలుపులు తిరిగానో నాకు గుర్తులేదు. విజిల్ పడ్డాక కూడా ఎవరో వెనక ఉన్నారనే ఉరికాను.

హెడ్మాస్టరు మాట మీద నిలబడ్డాడు. టీం బంద్ కాలేదు, పై ఏడాదీ ఆడాం, బయటి ఊళ్ళలో మూడు గెలిచాం. ఇప్పుడు నేనూ ఒక బడిలో లెక్కలు చెప్తున్నాను. పిల్లలను ఏ ఊరికి తీసుకుపోయినా ముందు దండేలే చూస్తాను. మా పాత బడిలో ఆడవాళ్ళకు చాటు కట్టారు గానీ, అది ఆయమ్మ రిటైరయ్యాక. అన్ని ఊళ్ళలో అన్ని ఇళ్ళ ముందు మా కోసం కాపలా నిలబడింది గదా, ఒక్కసారన్నా తాను లోపలికి పోయిందా, తాను నీళ్ళు తాగిందా? నేను ఒక్కనాడూ అడగలేదు. పెళ్ళయ్యాక రెండు మైళ్ళ దూరంలో ఉండి కూడా ఆమెను చూడటానికి పోయింది రెండే సార్లు. ఇది తలచుకుంటే నా మీద నాకే కోపం వస్తోంది.

ఆ ఆఖరి రోజు గెలవగానే అందరూ సారును చుట్టుముట్టారు. ఆయమ్మ ఎక్కడా లేదు. రెండో ఇన్నింగ్స్ మొత్తం ఆమె నీడన లేదని నాకప్పుడు తట్టింది. గల్లీలోకి ఉరికాను. మొదటి ఇంట్లో లేదు. రెండో ఇంటామె "ఇప్పుడే అటు పోయింది" అని మూడో ఇల్లు చూపించింది. ఆ ఇంటి గడపలో నిలబడ్డ ఆవిడ నన్ను చూసి, "మీ ఆయమ్మ మాటంటే మాటనమ్మా. పోరీలను పోనియ్యండ్రి, మీ గిన్నెలన్నీ నేను తోముత అన్నది. అన్నట్టే తోముతుంది" అంది.

పెరట్లో, మధ్యాహ్నపు ఎంగిలి గిన్నెల నడుమ, మోచేతుల దాకా బూడిదతో కూర్చొని ఉంది ఆయమ్మ. నాలుగో ఊళ్ళో ఆ గుసగుస ఏమిటో నాకప్పుడు తెలిసింది. "ఆయమ్మా, గెలిచినం" అన్నాను. చెయ్యి ఆపకుండానే "ఎంతల?" అంది. "ఒక్క పాయింటు." ముఖమంతా విప్పారింది. లేచి వస్తుందనుకున్నాను. ఆమె పెద్ద తపేలా దగ్గరికి లాక్కుంది. "సారుకు చెప్పు, బస్సు ఆపమను. ఇంక రెండు గిన్నెలున్నయి" అంది.