మోకాలి నొప్పి

పద్దెనిమిదేళ్లకే ఓటొచ్చింది, వేసి ఊరుకోకండి, ఇరవై ఒకటి నిండగానే మీరే నిలబడి పోటీ చేయండి అని మొన్న చిక్కడపల్లి సభలో కుర్రాళ్లకు గంటసేపు చెప్పాను. ఈ రోజు పొద్దున నా పాత విద్యార్థి శ్రీకాంత్ ఇంటికొచ్చాడు. కార్పొరేటర్ ఎన్నికల్లో స్వతంత్ర అభ్యర్థిగా నిలబడ్డాడట. సాయంత్రం మా అశోక్‌నగర్ గల్లీలో తనతో పాటు నాలుగిళ్లకు రమ్మన్నాడు. ఇరుగుపొరుగు ఏమనుకుంటారోనని, మోకాలి నొప్పి అన్నాను.

సాయంత్రం మిర్చిబజ్జీల కోసం నారాయణగూడ దాకా నడిచాను. పొట్లం అందుకుంటుంటే పక్కనే ప్రచారం ఆటో ఆగింది. శ్రీకాంత్ దిగాడు.

"గింత దూరం ఎట్ల నడిచిన్రు సార్? నొప్పి ఎక్కువైతది. ఆటోల కూసోండ్రి, ఇంటికాడ దింపుత."

కాదనడానికి నా దగ్గర ఇంకో నొప్పి లేదు. మైకు అతని పేరు చెబుతుంటే, పొట్లం ఒళ్లో పెట్టుకుని తలొంచుకు కూర్చున్నాను. మా గల్లీ మలుపులో అతను డ్రైవర్ భుజం తట్టాడు.

"అన్నా, జర మైకు బంద్ చెయ్. సార్‌కు ఇబ్బందైతది."

ఓట్లడగడానికి బయల్దేరిన ఆటో మా గల్లీ పొడుగునా నోరెత్తకుండా వచ్చి నన్ను దింపింది. బజ్జీల పొట్లం ఇంకా విప్పలేదు. మీరైతే తినగలిగేవారా?