రెండో పాదం మీద పెన్సిల్ గీత

మా పిన్ని పుస్తకం వేసిందంటే తాడేపల్లిగూడెంలో ఎవరూ ఆశ్చర్యపోలేదు. అందులో ఏడ్చిందంటే మాత్రం ఆశ్చర్యపోయారు. ఉల్లిపాయల హోల్‌సేల్ వ్యాపారి భార్యకి ఏడవడానికి కవిత్వం దేనికని వాళ్ళ అనుమానం.

అవి బ్లూస్ పద్ధతి కవితలు. అమెరికాలో నల్లజాతి కూలీలు పాడుకున్న దిగులు పాటలవి. ఒక పాదం పాడి, అదే మళ్ళీ పాడి, మూడో పాదంలో అసలు మాట చెబుతారట. పిన్ని వంట చేస్తూ ఫోన్లో అవి విని విని, భాష తెలియకపోయినా బాధ తెలిసిందనేది. అందరి నోళ్ళలో పడ్డ కవిత ఇది:

కొల్లేటి మీద కొంగలు వాలాయి, నువ్వింకా రాలేదు
కొల్లేటి మీద కొంగలు వాలాయి, నువ్వింకా రాలేదు
వండిన కూర చల్లారింది, నేనింకా చల్లారలేదు

పాఠకులు వెంటనే రెండు పార్టీలయ్యారు. ఏలూరులో ఒక రిటైర్డ్ లెక్చరర్‌గారు ఇంతటి దిగులు తెలుగులో ఇంతకుముందు రాలేదన్నారు. భీమడోలులో ఎరువుల కొట్టు నడిపే ఆయన మాత్రం ప్రతి కవితలో రెండో పాదాన్ని పెన్సిల్‌తో కొట్టేసి, పుస్తకం నా చేతికి తిరిగిచ్చారు. "ప్రెస్సువాళ్ళు ప్రతి లైనూ రెండేసి సార్లు వేసేశారండీ. మళ్ళీ అచ్చువేసేటప్పుడు పనికొస్తుందని దిద్దాను" అన్నారు. అంత శ్రద్ధగా చదివిన పాఠకుడు మాకు ఇంకొకరు దొరకలేదు.

ఒక్క విషయంలో రెండు పార్టీలూ ఏకమయ్యాయి. ఆ 'నువ్వు' మా బాబాయే. కొల్లేరని రాసుంది కాబట్టి, ఆయన రానిది కొల్లేటి పక్కనున్న కైకలూరు నుంచి. కైకలూరులో ఎవరున్నారు? అక్కడికి వచ్చేసరికి అందరూ గొంతు తగ్గించేవారు.

మార్కెట్లో బ్రోకర్లు పొద్దు వాలకముందే బాబాయిని ఇంటికి వెళ్ళమని పోరేవారు. ఎదురింటావిడ ఆయన స్కూటర్ చప్పుడు వినగానే గోడ గడియారం చూసేది. ఉల్లిపాయ పొట్టు కూడా తూకంలో కలవనివ్వని మనిషి ఆయన. అలాంటిది, పాత ఖాతాదార్లు కూడా ఆయన తూచాక కాటా ముల్లు వైపు ఇంకోసారి చూడటం మొదలుపెట్టారు. ఆయనకి ఉన్నదల్లా ఆ పేరే.

నాకూ అనుమానమే. బాబాయి ప్రతి గురువారం నిజంగానే కైకలూరు వెళ్తాడు. అక్కడి హోటళ్ళకి మన సరుకే వెళ్తుందంటాడు. సరుకు లారీలో వెళ్తుంది కదా, మధ్యలో నువ్వెందుకని నేనడగలేదు. తిరిగొచ్చాక గుమ్మం బయటే కాసేపు సోంపు నములుతూ నిలబడేవాడు. ప్రేమలో పడ్డవాళ్ళు సోంపు నములుతారో లేదో నాకు అనుభవం లేదు.

ఏలూరులో పుస్తకం మీద చర్చ పెట్టారు. బాబాయి నన్ను తోడు తీసుకెళ్ళి చివరి వరసలో కూర్చున్నాడు.

"ఒరేయ్, నన్ను లేపుతారంటావా?"

"పేరు పెట్టి లేపరులే బాబాయ్. 'నువ్వు' అని లేపుతారు."

లేపారు. లెక్చరర్‌గారు ఎంతో మర్యాదగా, "ఏవండీ, ఏమీ అనుకోకండి, ఆ కైకలూరు సంగతి కాస్త చెబుతారా?" అన్నారు. బాబాయి నిలబడ్డాడు. వేదిక మీద పిన్ని పుస్తకం మూసేసింది. ఇప్పుడు మాట్లాడకుండా కూర్చుంటే రేపు మార్కెట్లో తలెత్తలేడని ఆయనకి తెలుసు.

లెక్చరర్‌గారు అదే మాట మళ్ళీ అడిగారు, అక్షరం పొల్లుపోకుండా. ముందు వరసలో ఉన్న ఎరువుల కొట్టాయన ఈసారి పెన్సిల్ తీయలేదు.

"చేపల పులుసండీ" అన్నాడు బాబాయి. "కొరమీను. ఇంకెవరూ లేరండీ అక్కడ."

 మాది కోడిగుడ్డు కూడా గడప దాటి రాని వర్తకుల ఇల్లు. ఇంకో ఆవిడ ఉందని ఉంటే మావాళ్ళు నలుగురు పెద్దమనుషుల్ని కూర్చోబెట్టి సర్దేవాళ్ళు. కొరమీనుని ఎవరి ముందు కూర్చోబెడతారు?

పిన్ని మైకు తన వైపు లాక్కుంది. "నాకు తెలుసండీ. సోంపుకి ఆ వాసన పోతుందా? గురువారం నేను వండింది ముట్టుకోవట్లేదని రాశాను. కూర చల్లారిందంటే కూరే చల్లారింది. మీరంతా మనిషిని వెతికారు."

లెక్చరర్‌గారి మొహం చూస్తే, ఆయనకి ఆ మనిషే ఉంటే బాగుండేదనిపించింది.

మర్నాటికి ఊళ్ళో మళ్ళీ రెండు పార్టీలు. ఒట్టి పులుసు కోసం ఎవరైనా అంత దూరం వెళ్తారా అన్నది కొత్త అనుమానం. కాటా ముల్లు వైపు చూడటం మాత్రం తగ్గింది. తన పరువు తనే తీసుకున్నవాడు తూకంలో ఏం మోసం చేస్తాడనుకున్నారేమో.

తర్వాతి గురువారం పిన్ని కూడా కైకలూరు బస్సెక్కింది. తను పెరుగన్నమే తిన్నానంటుంది. నమ్ముదామనే అనుకున్నాను. కానీ సాయంత్రం నేను వెళ్ళేసరికి, ఇద్దరూ గుమ్మం బయట నిలబడి సోంపు నములుతున్నారు.