తొట్టి పక్కన ఎండుకట్టె

నీళ్లంటే నాకు భయం లేదు, కరెంటంటే అంతకన్నా లేదు. రెండూ ఒక్కచోట కనిపిస్తేనే గుండెల్లో రాయి పడుతుంది.

దేవరకొండ అవతల మా చెలకలో, వాన వెలిసిన ఒక పొద్దున బాపు తడిచేత్తో బోరు స్టార్టర్ ముట్టుకున్నాడు. కరెంటు పట్టుకున్న మనిషిని చేత్తో ముట్టుకోవద్దని, ఎండుకట్టెతో కొట్టి విడిపించాలని మా దిక్కు పసిపిల్లలకు కూడా తెలుసు. అమ్మ కట్టె కోసం చెలకంతా ఉరికింది. రాత్రంతా కురిసిన వానకు అన్నీ నానిపోయి ఉన్నాయి. బాపు మాకు దక్కలేదు. అప్పటి నుంచి మేం ఏ ఇంట్లో కిరాయికి దిగినా తలుపు వెనక ఒక ఎండుకట్టె ఉంటుంది.

భువనగిరికి వచ్చాక, ఆరో తరగతి చదివే నా బిడ్డ ఫోన్లో వీడియోలు చూసి, నీళ్లలో మొక్కలు పెరిగే చేపల తొట్టి కావాలని పట్టుబట్టింది. తొట్టి వరకు సరే అన్నాను. మొక్కలకు లైటు కూడా కావాలట! దుకాణాయన రెండు రకాలు చూపించాడు. ఒకటి తొట్టి అంచుకే బిగించేది, ఇంకొకటి పైనుంచి వేలాడదీసేది.

"అంచుకు పెట్టేదే తీస్కోండ్రి అక్కా. దగ్గర ఉంటెనే మొక్కలు మంచిగ పెరుగుతయి. పన్నెండు వోల్టులే, షాక్ గిట్ల కొట్టదు" అన్నాడు.

ఆయనకేం, చెప్పి ఊరుకుంటాడు. నేను వేలాడేదే తీసుకున్నాను. మొక్కల కోసం కాదు, దూరం కోసం.

స్లాబు కొక్కేనికి దాన్ని గొలుసుతో వీలైనంత పైకి కట్టించాను. ఊరి నుంచి వచ్చిన అమ్మ ఒకసారి లైటు వైపు, ఒకసారి నీళ్ల వైపు చూసింది. తలుపు వెనక కట్టె తెచ్చి తొట్టి పక్కన నిలబెట్టింది.

"గీ జాగలనే ఉండాలె. ఎవ్వలు తియ్యొద్దు" అంది.

నెల తిరగకముందే మొక్కలు వెలుతురు కోసం సన్నగా, పొడుగ్గా సాగాయి. కింది ఆకులు పసుపుబారి రాలాయి. "జర కిందికి దించవే అమ్మా, అవి సస్తున్నయి" అని బిడ్డ రోజూ నస. ఆ మాట వినలేక ఒక ఆదివారం గొలుసు వదిలాను. లైటు నీళ్లకు జానెడు ఎత్తుకు వచ్చింది. తొట్టంతా పచ్చగా వెలిగింది.

సాయంత్రం వంటింట్లోంచి వచ్చేసరికి బిడ్డ చెయ్యి మోచేతి దాకా నీళ్లలో ఉంది. లైటు వెలుగుతోంది. పిల్ల కదలడం లేదు, కన్నార్పడం లేదు. పిలిచాను. పలకలేదు.

కట్టె నా చేతిలోకి ఎట్లా వచ్చిందో తెలియదు. ఉన్న బలమంతా పెట్టి కొట్టాను. పిల్ల కెవ్వుమని నేలమీద పడింది.

కరెంటూ లేదు, ఏమీ లేదు. చేపలు వచ్చి వేళ్లను ముట్టుకుంటుంటే, అవి బెదరకూడదని ఊపిరి బిగబట్టి నిలబడిందట. చెయ్యి కమిలి వాచిపోయింది. ఎముక విరగలేదని దవాఖానలో చెప్పేదాకా నేను కూర్చోలేకపోయాను.

ఫోన్లో చెబితే అమ్మ తిట్టలేదు.

"కట్టె ఎండిందే ఉండెనా?" అని అడిగింది.

"ఎండిందేనే" అన్నాను. ఇద్దరం ఏడ్చాం.

లైటు ఇప్పటికీ జానెడు ఎత్తులోనే ఉంది. మొక్కలు తేరుకున్నాయి. ఆకులు కత్తిరించాలంటే బిడ్డ ముందు ప్లగ్గు పీకి నాకు చూపిస్తుంది. చెయ్యి నీళ్లలో ఉన్నంతసేపు బడి ముచ్చట్లు ఆపకుండా చెబుతూనే ఉంటుంది. అట్లా చెప్పమని నేను ఎన్నడూ అడగలేదు. ఎప్పుడైనా మధ్యలో మాట ఆగితే, ఇటు తిరక్కుండానే అంటుంది:

"ఉన్ననే అమ్మా. కట్టె కింద పెట్టు."