నెమళ్లు తినని రోజులు

నా చిన్నప్పుడు నేను పక్కింటి ఆంటీ మీద పందొమ్మిది రోజుల సాక్ష్యం రాశాను. అప్పటికి నాకు పదకొండేళ్లు. అందులో ఒక్క అంకె కూడా తప్పు లేదు. ఆ మాట ముందే చెప్పుకోవాలి, ఎందుకంటే తర్వాత జరిగినదంతా తప్పులేని ఆ కాగితం వల్లే జరిగింది.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో మేం ఢిల్లీ కంటోన్మెంట్‌లో సైన్యం వాళ్ల క్వార్టర్లలో ఉండేవాళ్లం. నాన్న హవల్దారు. మాది కింది వాటా కావడంతో వంటింటి వెనక ఇరవై అడుగుల పొడవు, పన్నెండు అడుగుల వెడల్పు నేల దొరికింది. అమ్మకి ఆ నేలే పుట్టిల్లు. కృష్ణా జిల్లా నుంచి పాత గుడ్డముక్కల్లో విత్తనాలు మూటకట్టి తెచ్చుకునేది. జూన్‌లో తొలి జల్లు పడగానే గోంగూర నాలుగు వరసలు వేసేది, వరసకి ముప్పై మొక్కలు. గోడవారన తోటకూర, తాళ్ల మీదికి బీర తీగ. పొద్దున్నే పళ్లు తోముకుంటూ ఆ మళ్ల మధ్య తిరగడం, తాడు మీద వాలిన గోరింకల్ని లెక్కపెట్టడం, తడి మట్టిలో కాళ్లు పెట్టి తిట్లు తినడం, బడికి వెళ్లేలోపు నాకున్న సుఖమంతా అదే. మా చుట్టుపక్కల బజారులో గోంగూర దొరికేది కాదు. మడిలో ఆకు కోసిన రోజు నాన్న వంటింట్లోనే పీట వేసుకుని కూర్చునేవాడు.

గోరింటాకు కంచెకి అవతల పక్కింటి ఆంటీ పెరడు. ఆవిడ రోజూ స్నానం చేసి, ఆరున్నరకల్లా స్టీలు గిన్నెడు సజ్జలు పక్షులకి చల్లేది. అది వాళ్లింటి ఆచారం. ముందు పావురాలూ చిలకలూ వాలేవి. వాటి వెనక, ప్రహరీ అవతలి ముళ్లచెట్లలోంచి నెమళ్లు వచ్చేవి. ఒక మగది, మూడో నాలుగో ఆడవి. గింజలు తిన్నాక అవి కంచె దాటి మా మళ్లోకి దిగేవి. లేత గోంగూరంటే వాటికి ప్రాణం. తిన్నంత తిని, మిగతాది నడుముకి తుంచి పోయేవి.

ఆవిడకీ మాకూ పడకపోవడం నెమళ్లతో మొదలవలేదు. మేం ఆ ఇంట్లో దిగిన మొదటి ఏడే ఆవిడ మా గోంగూర ఆకు చూసి, మద్రాసీవాళ్లు పెరట్లో భంగు, అంటే గంజాయి, పెంచుతున్నారని లైనంతా చెప్పింది. ఆ మాట నాన్న ఆఫీసు దాకా పోయి, నాన్న నలుగురిలో సంజాయిషీ ఇచ్చుకోవాల్సొచ్చింది. నాతో ఆడొద్దని పిల్లలకి చెప్పిందీ ఆవిడే. ఆ వేసవి సెలవులు నేను మెట్ల మీద ఒక్కదాన్నే కూర్చుని గడిపాను. అవన్నీ నాకు తేదీలతో సహా గుర్తున్నాయి.

అమ్మకి హిందీ అంతంతమాత్రం. ఆంటీకి తెలుగు రాదు. కంచె దగ్గర జరిగే ప్రతి గొడవకీ మధ్యలో నేను ఉండాల్సిందే.

“ఆప్ కా మోర్, హమారా పత్తా ఖాతా,” అనేది అమ్మ కంచె మీదికి వంగి, మీ నెమళ్లు మా ఆకు తింటున్నాయని.

“మోర్ క్యా మైనే పాలే హైఁ?” నెమళ్లని నేనేమన్నా పెంచుతున్నానా అని ఆంటీ. పెరట్లో అడవి పెంచుకుంటే నెమళ్లు రాక ఏనుగులొస్తాయా అని కూడా అనేది.

“ఏమంటోందే?”

“మనది అడవంట.”

“ఆవిడ మొహం చూడలేక ఇటొస్తున్నాయని చెప్పు.”

చెప్పేదాన్ని. కాస్త కారం కలిపే చెప్పేదాన్ని.

చివరికి ఇద్దరూ క్వార్టర్ల వ్యవహారాలు చూసే సుబేదార్ సాబ్‌కి ఫిర్యాదు పెట్టారు. ఆంటీ గింజలు చల్లడం ఆపించాలని అమ్మ. మా పొదల్లో పాములు చేరుతున్నాయి, మళ్లు చదును చేయించాలని ఆంటీ. ఆయన ఇద్దరికీ ఒకటే చెప్పాడు: ఆగస్టు ఆఖరి ఆదివారం వచ్చి చూస్తాను, రుజువులు చూపించండి, ఎవరిది తప్పని తేలితే వాళ్లది ఆగిపోతుంది. ఈలోగా వీళ్లే సర్దుకుంటారని ఆయన ఆశ అయుండొచ్చు. అమ్మ మాత్రం ఆ సాయంత్రమే నా చేతికి రూళ్ల పుస్తకం ఒకటి ఇచ్చి, నెమళ్లు మొక్కలు తిన్న ప్రతి రోజూ రాయమంది.

నేను నాలుగు గళ్లు గీశాను. తేదీ, ఆంటీ గింజలు వేసిందా, నెమళ్లు ఎన్ని, మొక్కలు ఎన్ని పోయాయి. ముప్పై అయిదు రోజులు గడిచేసరికి పందొమ్మిది వరసలు నిండాయి. మొత్తం ముప్పై నాలుగు మొక్కలు. రెండో గడిలో పై నుంచి కింది దాకా ‘వేసింది’ అనే ఉంది. పందొమ్మిదికి పందొమ్మిది. లెక్కల పరీక్షలో నాకు ఎప్పుడూ నూటికి నూరు రాలేదు, ఇక్కడ వచ్చింది. అమ్మ ఆ కాగితం నాన్నకి చూపించి మురిసిపోయింది.

అప్పుడే మా తాతయ్య, అమ్మ వాళ్ల నాన్న, మమ్మల్ని చూసిపోదామని వచ్చాడు. ఆయన ముప్పై ఏళ్లు కాలువ లాకుల దగ్గర లస్కరుగా చేసినవాడు. రోజూ పొద్దున్నా సాయంత్రం కొలబద్ద చూసి నీటిమట్టం పుస్తకంలో ఎక్కించడం ఆయన పని. నేను గొప్పగా నా కాగితం చూపించాను. ఆయన కళ్లద్దాలు పెట్టుకుని చాలాసేపు చూశాడు.

“మిగతా రోజులేవే అమ్మడూ?”

“ఏ రోజులు?”

“ముప్పై అయిదు రోజుల్లో పందొమ్మిదేగా రాశావు. పదహారు ఏమయ్యాయి?”

“ఆ రోజుల్లో ఏం తినలేదు తాతయ్యా. రాయడానికేముంది?”

“సున్నా ఉందిగా.”

తర్వాత ఆయన నింపాదిగా చెప్పాడు. లాకుల దగ్గర ఆయనకి ముందు పనిచేసిన మనిషి నీళ్లు తగ్గిన రోజులే రాసేవాడట. అలా రాస్తే తగ్గిన ప్రతిసారీ ఒక దొంగ దొరుకుతాడట. ఎగువ ఊరివాళ్లు తూము ఎత్తారని కొట్లాటలు, తలలు పగలడాలు. తీరా రోజూ రాయడం మొదలుపెట్టాక చూస్తే, ఎగువవాళ్లు తూము జోలికి పోని రోజుల్లోనూ నీళ్లు తగ్గుతూనే ఉన్నాయట.

“ఆవిడ గింజలు వెయ్యని రోజు ఒకటన్నా ఉందా?” అని అడిగాడు.

లేదు. ఆవిడ రోజూ వేసేది.

“రోజూ పాలవాడు కూడా వస్తున్నాడుగా. వాడి మీద కూడా రాయి.”

నాకు ఒళ్లు మండిపోయింది. మా ఇంటికొచ్చి, మా అన్నం తింటూ, ఆవిడ తరఫున మాట్లాడుతున్నాడనిపించింది. ఆయన తప్పని చూపించడానికే కొత్త పేజీ మొదలుపెట్టాను. ఈసారి ఒక్క రోజూ వదలకుండా పద్నాలుగు రోజులు రాశాను.

మధ్యలో రాఖీ పండగ వచ్చింది. ఆంటీ తమ్ముడికి రాఖీ కట్టడానికి పుట్టింటికి వెళ్లి ఆరు రోజులు రాలేదు. అంకుల్ పక్షుల జోలికి పోలేదు. ఆ ఆరు రోజులూ మా పెరడు ప్రశాంతంగా ఉంటుందని అమ్మ అంది. మొదటి పొద్దున నెమళ్లు ఎప్పటిలాగే ఆరున్నరకి వచ్చాయి. ఆంటీ పెరట్లో నేల గీరి చూసుకున్నాయి. ఏమీ లేకపోయేసరికి తిన్నగా మా మడిలో దిగాయి. నేను డబ్బా వాయిస్తే కంచె దాటి, నేను లోపలికి వెళ్లగానే తిరిగొచ్చేవి.

శనివారం పొద్దున పద్నాలుగు వరసలూ కూడాను. ఆంటీ గింజలు వేసిన ఎనిమిది రోజుల్లో పోయినవి ఏడు మొక్కలు, అందులో మూడు రోజులు సున్నా. గింజలు వెయ్యని ఆరు రోజుల్లో పోయినవి ముప్పై ఒకటి. రెండుసార్లు, మూడుసార్లు కూడాను. మార్పు లేదు. ఆ గిన్నెడు సజ్జలే నెమళ్ల కడుపు సగం నింపుతున్నాయి. మేం ఏది ఆపించాలని చూస్తున్నామో అదే మా మడికి కాపలా.

అమ్మకి చూపించాను. అమ్మ చేతిలో పని ఆపి మొత్తం చదివింది. నాలుగో తరగతి దాకా చదువుకున్న మనిషి, అంకెలు బాగానే అర్థమవుతాయి.

“నాన్నా, నువ్వు ఎవరి వైపు?” అంది గుమ్మంలో కూర్చున్న తాతయ్యతో.

“నీ చేతి కూడు తింటున్నాను, ఎవరి వైపుంటానే.”

“మరి దీనికి ఇవన్నీ ఎందుకు నేర్పుతున్నావు? తల్లీ, నీ దయవల్లే నా మొక్కలు బతుకుతున్నాయని నేను వెళ్లి ఆవిడ కాళ్లు పట్టుకోవాలా? మొక్కలు పోతే పోయాయి.”

అమ్మ ఆ పేజీ చింపి, మడిచి, బియ్యం డబ్బా కింద పెట్టింది. రేపు మొదటి కాగితం ఒక్కటే చూపించమంది. నేను సరేనన్నాను. అమ్మకి భయపడి అనలేదు. మెట్ల మీద ఒంటరిగా కూర్చున్న సెలవులు గుర్తొచ్చి అన్నాను. అయినా ఊరుకోలేక పుస్తకం అట్ట లోపలివైపు ఒక లెక్క వేశాను. నూట ఇరవైలో డెబ్బై రెండు పోయాయి, మిగిలినవి నలభై ఎనిమిది. గింజలు ఆగితే రోజుకి అయిదు. తొమ్మిదిన్నర రోజులు. ఎవరూ అడగకుండా నా అంతట నేను వేసిన మొదటి లెక్క అదే.

ఆదివారం పదింటికి సుబేదార్ సాబ్ వచ్చాడు. తుంచిన మొక్కలు చూశాడు, గింజలు చల్లిన చోటు చూశాడు. ఆంటీ పాముల గురించి చెప్పింది కానీ ఒక్క పామునీ చూపించలేకపోయింది. నేను నా కాగితం ఇచ్చాను. ఆయన వేలితో ఒక్కో వరసా చదివి, పిల్ల ఎంత శుభ్రంగా రాసిందో చూడండి అన్నాడు. తర్వాత నా వైపు వంగి అడిగాడు.

“పూరా యహీ హై, బేటా? ఔర్ కుఛ్ తో నహీఁ?” మొత్తం ఇదేనా, ఇంకేమీ లేదుగా అని.

తాతయ్య గుమ్మంలో ఉన్నాడు. నన్ను చూస్తున్నాడు. ఆయన నోరు విప్పితే బాగుండునని నాకు ఆ క్షణం అనిపించింది. 

“బస్ ఇత్నా హీ, సర్,” అన్నాను, ఇంతే అని.

గింజలు ఆపాలని ఆయన అక్కడికక్కడే చెప్పేశాడు.  ఆంటీ లోపలికి వెళ్తూ నా దగ్గర ఆగి, “షాబాష్, గిన్తీ మాస్టర్నీ,” అని ఒక్క మాట అంది. లెక్కల పంతులమ్మా, భేష్ అని. ఆ మధ్యాహ్నం అమ్మ సేమ్యా పాయసం చేసింది. తాతయ్య కడుపు బాగాలేదని తినలేదు.

సోమవారం నుంచి చిలకలు రావడం మానేశాయి. పావురాలు రెండు మూడు రోజులు తిరిగి అవీ పోయాయి. నెమళ్లు మాత్రం వచ్చాయి. మంగళవారం ఆరు మొక్కలు, బుధవారం అయిదు. మేం ముళ్లకంప అడ్డం వేశాం, పాత చీర కట్టాం. అవి ప్రహరీ మీంచి దిగాయి. ఆంటీ పొద్దున్నే స్నానం చేసి, ఖాళీ చేతులు కట్టుకుని కంచె అవతల నిలబడి చూసేది. ఒక రోజు మెల్లగా అడిగింది.

“అబ్ తో మై దానా నహీఁ డాల్తీ. అబ్ కౌన్ ఖిలా రహా హై?” ఇప్పుడు నేను గింజలు వెయ్యడం లేదుగా, ఇప్పుడు వీటిని ఎవరు మేపుతున్నారు అని.

ఏమంటోందే అని అమ్మ నన్ను అడగలేదు. వంగి తోటకూరలో కలుపు తీస్తూ ఉండిపోయింది.

పదకొండో రోజు పొద్దున మడిలో గోంగూర లేదు. అమ్మ మొదళ్లు పీకేసి నేల చదును చేసింది. ఆంటీ కోరింది కూడా అదే కదా అని నాకు తట్టింది. విత్తనానికి వదిలిన మొక్కలు కూడా అందులోనే పోయాయి.

తాతయ్య తిడతాడని చూశాను. ఆయన నా పుస్తకం తెరిచి అట్ట లోపలి లెక్క మీద వేలు పెట్టాడు. ఎప్పుడు చూశాడో తెలియదు.

“తొమ్మిదిన్నర అన్నావు, పదకొండు పట్టింది. ఎక్కడ తేడా వచ్చిందో చూడు,” అన్నాడు.

చూశాను. రెండు రోజులు తెరిపి లేకుండా వాన కురిసి నెమళ్లు రాలేదు. ఆ రెండు తేదీల ఎదురుగా సున్నాలు రాశాను. ఆయన తలూపి పుస్తకం నాకు ఇచ్చేశాడు. నువ్వు అబద్ధం చెప్పావని ఆయన బతికినంతకాలం అనలేదు. అనాల్సిన అవసరం లేకుండా చేసి వెళ్లాడు.

ఆంటీ మంచిదని నేను ఇప్పటికీ అనను. లెక్క ఒకరి పక్షాన తేలినంత మాత్రాన ఆ మనిషి మంచిదైపోదు. ఆవిడ మా మీద చెప్పినవన్నీ చెప్పింది. కానీ నెమళ్ల విషయంలో తప్పు ఆవిడది కాదు. ఈ రెండూ ఒకే పుస్తకంలో పక్కపక్కన రాసుకోవచ్చని తెలియడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది.

ఇప్పుడు ఢిల్లీ పక్కనే ఇందిరాపురంలో ఏడో అంతస్తులో ఉంటున్నాం. లెక్కలు నేను ఏ కాలేజీలోనూ చదవలేదు, చూసీ తప్పులు చేసీ నేర్చుకున్నవే. అయినా మా సొసైటీలో వాచ్‌మన్ నిద్రపోయిన రోజులనీ, పనిమనిషి ఆలస్యంగా వచ్చిన రోజులనీ ఎవరో ఒకరు నా దగ్గరికి చిట్టా పట్టుకొస్తుంటారు. మిగతా రోజులేవండీ అని అడుగుతాను. నేను అలా అడిగినవాళ్లలో సగంమంది మళ్లీ నా గుమ్మం తొక్కరు.

పోయిన నెల నా వంతు వచ్చింది. పైఇంటావిడ కుండీలకి నీళ్లు పోస్తే ఆ మురికినీళ్లు మా బాల్కనీలో నా మిరపమొక్కల మీద పడి ఆకులు మాడుతున్నాయని నా అనుమానం. ఆవిడ నోరు నాకు పడదు, నా నోరు ఆవిడకీ పడదు. ఆకులు మాడిన రోజులు తొమ్మిది, తొమ్మిదింటిలోనూ ఆవిడ నీళ్లు పోసింది. కాగితం మీద ఆ తొమ్మిదీ ఎంత ముచ్చటగా ఉన్నాయో చెప్పలేను. ఒక పూటంతా వాటినే చూస్తూ కూర్చున్నాను. తర్వాత పళ్లు బిగించి మిగతా ఇరవై రెండు రోజులూ రాసి, ముప్పై ఒక్క వరసలూ కమిటీకి ఇచ్చాను. నీళ్లు పడినా ఏమీ కాని రోజులే అందులో ఎక్కువ. కమిటీ నా ఫిర్యాదు కొట్టేసింది. పైఇంటావిడ లిఫ్టులో నన్ను చూసి నవ్వుతుంది. నేను నవ్వను.