వాచీ చూపించాను

క్లాండాల్కిన్‌లో మా సంఘం ఆరాధనకు అద్దెకు తీసుకున్న హాలు ఒంటిగంటకల్లా ఖాళీ చెయ్యాలి. ఈ రోజు చివర్లో మరియమ్మ ఆంటీ సాక్ష్యం చెప్పడానికి లేచారు. అంకుల్ పోయి నేటికి ఏడాది. ఆయన ఆఖరి రోజు గురించి మొదలుపెట్టి, పొద్దున్నే లేచి కాఫీ అడిగారనే దాకా వచ్చారు. పాస్టర్ని కదా, నేను వాచీ చూపించాను.

"మిగతాది ప్రభువుకి తెలుసులెండి అయ్యగారూ" అని కూర్చున్నారు.

తీరా తాళాలు ఇవ్వబోతే, తర్వాత రావాల్సినవాళ్లు ఇవాళ రావడం లేదని కేర్‌టేకర్ చెప్పాడు. అప్పటికే ఆంటీ వెళ్లిపోయారు.

అన్నట్టు, నా ప్రసంగం యాభై నిమిషాలు. నాకెవరూ వాచీ చూపించలేదు.

అంకుల్ ఆ కాఫీ తాగారో లేదో ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని అడగాలో మీరే చెప్పండి.