పత్తిచేనులో నల్ల సాలు

దయ్యం, గాలి సోకడం, శకునం — వీటిని నేనెన్నడూ నమ్మలేదు. మా అమ్మ దిష్టి తీస్తుంటే ఎగతాళి చేసినవాణ్ణి. ఆదోనిలో కెమెరాలు బాగుచేస్తాను. చెడిపోయిన ఏ వస్తువుకైనా లోపల ఒక కారణం ఉంటుంది, విప్పితే దొరుకుతుంది. నాకు తెలిసిన వేదాంతం ఇంతే.

పెళ్ళి ఫోటోలవాళ్ళు పక్కన పడేసిన పాత కెమెరాలను పోయినేడు ఇన్‌ఫ్రారెడ్‌కు మార్చడం నేర్చుకున్నాను. కెమెరా లోపల సెన్సార్ ముందు ఒక పల్చని గాజు ఉంటుంది. మన కంటికి కనబడని కాంతిని అది ఆపేస్తుంది. దాన్ని తీసి, ఆ కాంతిని మాత్రమే వదిలే నల్లగాజు పెట్టాలి. అప్పుడు ఆకాశం నల్లగా, పచ్చని ఆకు పాలలాగా తెల్లగా పడుతుంది. జీవం తగ్గిన ఆకు నల్లబడుతుంది.

మొదటి కెమెరా పరీక్షకు మా చెల్లెలు నాగమ్మ వాళ్ళ చేనుకు పోయాను. ఎమ్మిగనూరు దగ్గర మూడెకరాల పత్తి. చెల్లెలి భర్త ఈరన్న ఆ యేడు దాన్ని పసిబిడ్డలా చూసుకున్నాడు. మిట్టమధ్యాహ్నం గట్టు మీద నిలబడి ఫోటో తీశాను. చేనంతా తెల్లగా వచ్చింది. పడమటి గట్టు నుంచి మాత్రం రెండు సాళ్ళ వెడల్పున ఒక నల్లని బాట చేనులోకి పోయి, కొంత దూరంలో ఆగింది.

ఆ సాళ్ళలో దిగి చూశాను. మిగతా చేను ఎట్లుందో అవీ అట్లే ఉన్నాయి, అదే పచ్చదనం, అదే పూత. గాజు సరిగా కూర్చోలేదనుకున్నాను. పంట బాగాలేదని అంటే ఆడలేక మద్దెల ఓడు అన్నట్టే కదా. ఇంటికొచ్చి కెమెరా విప్పి, గాజు కొత్తగా కోసి పెట్టాను. వారమంతా దానికే పోయింది.

మళ్ళీ వారం ఇంకో కెమెరా కూడా మార్చి తీసుకుపోయాను. రెండింట్లోనూ అదే బాట పడింది. కెమెరాను తలకిందులు చేసి తీశాను. తప్పు గాజులో ఉంటే ఫోటోలో దాని చోటు మారకూడదు. అది చేనుతో పాటే తిరిగింది. పైగా ఈసారి బాట సగం చేను దాటింది. ఆకులు కోసి మందుల అంగడిలో చూపిస్తే ఏ తెగులూ లేదన్నారు.

ఈరన్న పకపకా నవ్వాడు. “నా పత్తికేం కాలే బావా. నీ కెమెరాకే కండ్ల ఆపరేషను సేపియ్యి.”

మూడోసారి పోయినప్పుడు ఆ బాట మోటారు స్తంభం మొదట్లో ఆగి ఉంది. స్టార్టర్ పెట్టె బిగించింది ఆ స్తంభానికే. రోజూ పొద్దున మోటారు వేయడానికి ఈరన్న నిలబడేదీ అక్కడే. చెప్దామనుకున్నాను. ఏమని చెప్పాలి? అమ్మను ఎగతాళి చేసిన నోటితో, ఆ పెట్టె ముట్టుకోవద్దని ఎట్లా అనాలి? సిగ్గేసింది. ఫోటో ఎట్లా వచ్చిందని నాగమ్మ అడిగితే బాగా వచ్చిందని చెప్పి బండెక్కాను.

ఆ తర్వాత మూడో రోజు పొద్దున, తుంపర పడి ఆగినాక, మోటారు వేయబోయిన ఈరన్న చేయి ఆ పెట్టెకు అతుక్కుపోయింది. సంగటి తీసుకుపోయిన నాగమ్మే చూసింది. పెట్టెలోకి తేమ దిగి రేకుకు కరెంటు పాకిందని లైన్‌మన్ చెప్పాడు. అది నేనూ నమ్ముతాను. మా వైపు చేలల్లో అట్లా పోయినవాళ్ళు ఉన్నారు.

ఈరన్న సమాధికి పాలు పోసే రోజు రెండు కెమెరాలూ పట్టుకుని ఒక్కణ్ణే చేనులోకి పోయాను. గట్టు నుంచి స్తంభం దాకా అంతా తెల్లగా పడింది. బాట లేదు. పాత ఫోటోల్లో ఇప్పటికీ ఉంది.

నెల తర్వాత నా అంగడికి వచ్చిన నాగమ్మ కంప్యూటర్‌లో ఆ ఫోటోలు చూసింది. తన చేనును గుర్తుపట్టింది. దాచలేక జరిగిందంతా చెప్పాను.

“ఒక్క మాట సెప్పింటే ఆ పొద్దు నేనే పోయి మోటరు ఏసింటి కదప్పా,” అంది.

ఆ కెమెరాలను ఎన్నిసార్లు విప్పానో లెక్కలేదు. ఏ తప్పూ దొరకలేదు. ఆ బాట ఏమిటో నాకు ఇప్పటికీ తెలియదు. నాగమ్మ మా ఇంటికి వస్తుంది, అన్నం తింటుంది, పిల్లల సంగతులు చెబుతుంది. అన్నా అని మాత్రం పిలవడం మానేసింది.